పాత మహీంద్రా జీపు తుప్పు వదిలించి ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా: కాగితాల దగ్గర్నుంచి రోడ్డెక్కే దాకా

చెట్టు కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న జీపు తక్కువకే వస్తుందంటే తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. తీసుకోవచ్చు, ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు కూడా. కాకపోతే మన దగ్గర జరిగేది ఏంటంటే, బండి రాగానే టింకరింగ్‌కి ఇచ్చేసి చిల్లుల మీద రేకు ముక్కలు అతికించి, పైన మందంగా లప్పం పట్టించి, మిలిటరీ గ్రీన్ కొట్టించేస్తారు. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటది, రెండు వానాకాలాలు తిరిగేసరికి సరిగ్గా అదే చోట పెయింటు పొక్కులు లేస్తది. ఎందుకంటే జీపులో తుప్పు చాలావరకు లోపలి నుంచి బయటికి వస్తది, నీళ్ళు, బురద నిలిచిపోయే చోట మొదలవుద్ది. అందుకని ప్రతి చిల్లు దగ్గరా ఆగి, ఇక్కడికి నీళ్ళు ఎట్లా వచ్చాయి, వచ్చినవి ఎందుకు బయటికి పోలేదు అని చూడాలి, ఆ సంగతి తేల్చుకున్నాకే రేకు అతకాలి. పెయింటు అన్నిటికన్నా ఆఖరి పని.

ఏ జీపు అనేది ముందు తెలుసుకోండి

మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించి అమ్మడంతో మొదలెట్టారు. ఆ తర్వాత ఎక్కువ కాలం నడిచింది సీజే3బీ, ఎత్తు బానెట్టు ఉంటదే అది, 80 అంగుళాల వీల్‌బేస్ (ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం), 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజన్. 1980ల్లో ఎంఎం540 వచ్చింది, దానికి 91 అంగుళాల వీల్‌బేస్, ప్యూజో 2112 సీసీ డీజిల్ ఇంజన్. ఒకప్పుడు గవర్నమెంటు ఆఫీసుల వేలంలో దొరికినవాటిల్లో ఈ డీజిల్ జీపులే ఎక్కువ. సీజే3బీల్లో చాలావాటికి మధ్యలో ఎవరో పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ బిగించేసి ఉంటారు, ఈ సంగతి కాగితాల దగ్గర మెడకి చుట్టుకుంటది కాబట్టి ముందే చూసుకోండి.

కాగితాలు: పానా పట్టుకునే ముందే

ఆర్‌సీ లేని బండి ఎంత బాగున్నా వదిలేయండి, విడిభాగాల కోసమైతే వేరే సంగతి. ఛాసీ (బాడీని, ఇంజన్‌ని మోసే అడుగు ఇనుప ఫ్రేము) మీద పంచ్ చేసిన నంబరు, ఇంజన్ నంబరు, ఆర్‌సీలో ఉన్నవి ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. ఛాసీ నంబరు తుప్పు కింద కనపడకపోతే అక్కడ గ్రైండర్ పెట్టొద్దు, ఎందుకంటే నంబరు అరిగిపోయిందంటే దిద్దారనే అనుమానం వస్తది. పెయింట్ రిమూవర్ రాసి, ఇత్తడి బ్రష్‌తో చేత్తో రుద్దండి, పైన కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసుకుని దాచుకోండి. ఇంజన్ మార్చిన బండైతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. ఎక్కకపోతే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని ఆ తర్వాతే డబ్బులివ్వండి. సొంత బండ్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి అయిపోద్ది, తర్వాత బండి చూపించి ఐదేసి ఏళ్ళకి రెన్యువల్ చేయించుకోవాలి, గ్రీన్ టాక్స్ కూడా ఉంటది.

మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటిన బండికి ఇంకో దారి ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్స్ కింద కొత్తగా రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుద్ది, నంబరు ప్లేటులో వీఏ అని వస్తది. కాకపోతే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజన్ బాగా మార్చేసినవి కుదరవు. రోజూ తిరగడానికీ, కిరాయికీ పనికిరాదు, షోలకీ ర్యాలీలకీ వేసుకెళ్ళడానికే. మీ జీపు 50 ఏళ్ళు దాటినదైతే ఆ దారిలో పోతారా లేదా అనేది ఇప్పుడే అనుకోండి, ఎందుకంటే తర్వాత ఏ పార్టు ఉంచాలి ఏది మార్చాలి అనేదంతా దాన్నిబట్టే ఉంటది.

కొనేటప్పుడు ఎక్కడ చూడాలి

చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, గుడ్డలో చుట్టిన ఒక అయస్కాంతం తీసుకెళ్ళండి. అయస్కాంతం అంటుకోని చోట లప్పం మందంగా ఉన్నట్టే. ఆ తర్వాత బండి కిందకి దూరి ఛాసీ పొడుగునా సుత్తితో తట్టుకుంటూ రండి, గట్టి ఇనుమైతే ఖంగుమంటది, లోపల తిన్నదైతే దబ్ మని చచ్చు శబ్దం వస్తది, శబ్దం మారిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. ముఖ్యంగా వెనక కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) వేలాడే హ్యాంగర్ల చుట్టూ, వెనక అడ్డ చానెల్, బంపర్ బిగించే చోటు. ఛాసీకి రెండో రేకు జోడించి డబ్బాలా మూసిన భాగాల్లో ఏళ్ళనాటి బురద అట్టలు కట్టి ఉంటది, అది చెమ్మని వదలదు.

బాడీలో అయితే ఫ్లోర్ రేకు కింద టోపీ ఆకారంలో చానెళ్ళు ఉంటాయి, ముందు చచ్చేది అవే. పైన ఫ్లోరు బాగున్నట్టే కనపడుద్ది, కింద చానెల్ పొరలు పొరలుగా ఊడొస్తది. యుద్ధకాలం విల్లీస్‌ల్లో ఆ చానెళ్ళ లోపల చెక్క పెట్టేవాళ్ళు, అది నీళ్ళు పీల్చుకుని రేకుని తినేసేది. డ్రైవర్ సీటు కింద, అద్దం ఫ్రేము అడుగు అంచు, బ్యాటరీ ట్రే కింద, కాళ్ళ దగ్గర రబ్బరు మ్యాట్ ఎత్తి కూడా చూడండి. మచిలీపట్నం, కాకినాడ, వైజాగ్ లాంటి సముద్రపు ఊళ్ళలో తిరిగిన బండైతే రెండింతలు జాగ్రత్త, ఉప్పుగాలికి రేకు మడతల లోపల మొత్తం పోయి ఉంటది. బాడీ ఎంత తిన్నా పర్వాలేదు, కొత్త రేకు వేసుకోవచ్చు, కొత్త బాడీయే కట్టించుకోవచ్చు. ఛాసీ మాత్రం రెండు మూడు చోట్ల చిల్లులు పడి, వంగి కూడా ఉంటే ఆ బండి జోలికి పోవద్దు.

చోటు, సామాను, విప్పడం

పైన రేకు ఉండి, మూడు వైపులా గాలి ఆడే చోటు కావాలి, కింద సిమెంటు ఫ్లోరు ఉండాలి. జీపు మీద నేరుగా టార్పాలిన్ కప్పి కట్టేయొద్దు, తెల్లారేసరికి లోపల చెమ్మ పట్టి ఇంకా తుప్పు లేస్తది. బండిని ఎత్తి నిలబెట్టడానికి ఇనుప స్టాండ్లు నాలుగు కొనండి. సిమెంటు ఇటుకల మీద, ఒక్క జాకీ మీద నిలబెట్టి కిందకి దూరడం మన దగ్గర బాగా అలవాటు, ఆ ఇటుకలు చెప్పకుండా పగులుతాయి, ప్రాణాలు పోతాయి. ఈ ఒక్క విషయంలో డబ్బులకి చూసుకోవద్దు.

పాత జీపుల్లో బోల్టులు చాలావరకు అంగుళాల లెక్కవి, మిల్లీమీటర్ పానా పెడితే తల గుండ్రంగా అరిగిపోద్ది, అందుకని అంగుళాల పానాల సెట్టు ఒకటి తీసుకోండి. ఇంకో సంగతి, పాత జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లు ఉల్టా మరవి ఉంటాయి, స్టడ్ చివర ఎల్ అక్షరం ఉందేమో చూడండి, తెలియక బలం కొద్దీ తిప్పితే స్టడ్డే తెగుద్ది. బిగుసుకుపోయిన బోల్టులకి రెండు మూడు రోజుల ముందు నుంచీ రోజూ తుప్పు వదిలే ఆయిల్ కొడుతూ ఉండండి, ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే ఆయిలూ (ఏటీఎఫ్) అసిటోనూ సగం సగం కలిపినా బాగా దిగుద్ది, మంట దగ్గర మాత్రం వద్దు. విప్పేటప్పుడు ఒకేవైపు బలవంతం చేయకుండా కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ రావాలి. అయినా రాకపోతే నట్టుని వేడి చేయండి, ఆయిల్ కొట్టిన చోట మంట అంటుకుంటది కాబట్టి ముందు శుభ్రంగా తుడిచేయాలి, పెట్రోలు లైనూ రబ్బరూ దగ్గర లేకుండా చూసుకోవాలి.

ప్రతీదీ విప్పే ముందు ఫొటో, విప్పాక ఒక కవరు, కవరు మీద పేరు. బాడీ కింద రబ్బర్ల దగ్గర సన్నటి రేకు ముక్కలు, వాషర్లు ఉంటాయి, ఏవి ఏ బోల్టువో రాసుకోండి, అవి తారుమారైతే తర్వాత బాడీ మెలి తిరిగి బానెట్టు సరిగ్గా కూర్చోదు.

బాడీ ఎత్తే ముందే ఇంకో పని: తలుపుల చోట్లలో అడ్డంగా, మూలలకి ఐమూలగా యాంగిల్ ముక్కలు టాక్ వెల్డింగ్ (తర్వాత తీసేయడానికి వీలుగా చిన్న చిన్న చుక్కలు) కొట్టండి. ఫ్లోరు పోయిన బాడీకి ఆకారాన్ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు, అడ్డాలు లేకుండా ఎత్తితే పక్కలు తెరుచుకుంటాయి, మళ్ళీ కలవవు.

ఛాసీ కొలతలు

బాడీ, ఇంజన్ దించాక ఛాసీని స్టాండ్ల మీద లెవెల్‌గా పెట్టి, మేస్త్రీలు వాడే దారం గుండు తెచ్చుకోండి. ఎడమా కుడీ ఒకే రకం రంధ్రాలు ఉంటాయిగా, కమాన్ హ్యాంగర్ పిన్నులో, బాడీ బోల్టు రంధ్రాలో, వాటి నుంచి గుండు వేలాడదీసి కింద ఫ్లోరు మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. ఆ తర్వాత ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకి ఐమూలగా టేపు పట్టి కొలవండి. రెండూ సమానంగా వస్తే ఛాసీ తిన్నగా ఉన్నట్టు. మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, అంగుళం దాకా తేడా వస్తే ఎప్పుడో గుద్దిన బండి, ఛాసీ సరిచేసే షాపుకి పంపాల్సిందే, ఇంట్లో అయ్యే పని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసీలు సరిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, జీపు ఛాసీ వాళ్ళకి చిన్న పని.

తుప్పు తీయడం

మూడు రకాలుగా చూడండి. పైపైన ఎర్రగా పొడిలా ఉన్నదాన్ని వైర్ కప్ బ్రష్‌తో గ్రైండర్ మీద తీసేయొచ్చు. గుంటలు పడ్డదానికి బ్రష్ చాలదు, బ్రష్ పైన మెరుగు పెట్టేస్తది గానీ గుంట అడుగున నల్లటి తుప్పు అట్లాగే ఉంటది, దానికి ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం) మంచిది. ఛాసీ మొత్తం బ్లాస్టింగ్‌కి పంపడం డబ్బుకి తగిన పని అని నా నమ్మకం. కాకపోతే బానెట్టు, పక్క రేకుల లాంటి పల్చటివి వాళ్ళకి ఇవ్వొద్దు, దెబ్బకి రేకు అలలు తిరిగిపోద్ది. మూడోది పొరలుగా ఊడొచ్చేది, దాన్ని బాగుచేసేదేమీ లేదు, కోసేయడమే. గ్రైండర్ దగ్గర కళ్ళద్దాలు కాదు, ముఖం మొత్తం కప్పే షీల్డు ఉండాలి, కప్ బ్రష్ తీగలు ఊడి సూదుల్లా గుచ్చుకుంటాయి. పాత పెయింట్లలో సీసం ఉంటది, మాస్కు లేకుండా రుద్దొద్దు, పిల్లలు తిరిగే చోట అసలొద్దు.

చిన్న చిన్న సామాన్లకి, అంటే బ్రాకెట్లు, తాళాలు, పెడళ్ళు లాంటివాటికి కరెంటు పద్ధతి బాగా పనిచేస్తది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి నాలుగు లీటర్లకి ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలపండి, వంట సోడా కాదు. చుట్టూ మామూలు ఇనుప చువ్వలు నిలబెట్టి వాటన్నిటినీ తీగతో కలిపి 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ ప్లస్‌కి ఇవ్వండి, మధ్యలో వేలాడే తుప్పు పార్టుకి మైనస్. పార్టు చువ్వలకి తగలకూడదు. కాసేపటికి సన్నటి బుడగలు లేచి పైన గోధుమరంగు నురగ కడుద్ది, రాత్రంతా ఉంచితే తెల్లారి తుప్పు నల్లటి మడ్డిలా మారి వేలితో రుద్దితే వచ్చేస్తది. ఆ బుడగల్లో ఉండేది హైడ్రోజన్, అందుకని ఆరుబయటే పెట్టాలి, దగ్గర్లో సిగరెట్టు, నిప్పు ఉండకూడదు, చెయ్యి పెట్టే ముందు కరెంటు ఆపాలి. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్ళలో కలుస్తది. అల్యూమినియం పార్టులు వేయొద్దు. స్ప్రింగులు, గట్టి బోల్టులు కూడా వద్దు, హైడ్రోజన్ ఎక్కి పెళుసుబారి విరుగుతాయి.

చక్కెర ఫ్యాక్టరీ దగ్గర ఉన్నవాళ్ళయితే మొలాసిస్ వాడొచ్చు, ఒక వంతు మొలాసిస్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు, అందులో రెండు మూడు వారాలు నానబెట్టాలి. కంపు భరించాలి, కానీ మంచి ఇనుముని పెద్దగా తినదు, బ్రేక్ డ్రమ్ముల్లాంటి పెద్దవాటికి బాగుంటది.

చేయకూడనిది ఒకటి గట్టిగా చెప్తా, బాత్రూం కడిగే యాసిడ్ రేకు మీద పోయొద్దు. తుప్పు నిమిషాల్లో పోద్ది నిజమే, కానీ ఆ యాసిడ్ మడతల్లోకి, జాయింట్లలోకి దిగి, ఎంత కడిగినా దాని ఉప్పు అక్కడే ఉండిపోద్ది, పెయింటు కింద నుంచి మళ్ళీ తింటది. మార్కెట్‌లో దొరికే ఫాస్ఫారిక్ యాసిడ్ రస్ట్ కన్వర్టర్ చేతికందని మూలలకి పనికొస్తది, దాని మీద ఎపాక్సీ ప్రైమర్ (నీళ్ళు తగలకుండా ఇనుము మీద వేసే మొదటి కోటు) పట్టకపోవచ్చు కాబట్టి డబ్బా మీద చెప్పినట్టు కడిగి, ఆరబెట్టి ఆపైన వేయండి.

కోయడం, అతకడం

బాడీ రేకు 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్లు. సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు కొనండి, జీఐ (జింకు పూత ఉన్న) షీటు వద్దు, వెల్డింగ్ చేస్తే జింకు పొగ వచ్చి జ్వరం పట్టుకుంటది. ఇంత పల్చటి రేకు మీద మామూలు ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లు పడుద్ది, మిగ్ మెషిన్ (రాడ్డు బదులు తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ మెషిన్) కావాలి, 0.8 మిల్లీమీటర్ల తీగతో. అద్దెకి దొరుకుద్ది, లేదా ఆ పని వరకు వెల్డర్‌ని ఇంటికి పిలవండి, కోయడం, ముక్కలు తయారుచేయడం మీరే చేసుకుంటే కూలి చాలా తగ్గుద్ది.

తుప్పు కనపడే చోటు దాటి ఒక అంగుళం మంచి రేకులోకి వెళ్ళి కోయండి. మందపాటి అట్టతో అచ్చు తీసి, రేకు కోసి, అంచుకి అంచు ఆనేలా కూర్చోబెట్టండి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికితే మధ్యలో సందు ఏర్పడుద్ది, నీళ్ళు చేరేది అందులోకే. ఎక్కించక తప్పని చోట, అంటే చానెల్ మీద ఫ్లోరు కూర్చునే చోట, రెండు ముఖాలకీ జింకు ఉన్న వెల్డ్ త్రూ ప్రైమర్ కొట్టి, వెల్డింగ్ అయ్యాక అంచులన్నీ సీమ్ సీలర్‌తో (రేకుల సందులు మూసే ముద్ద) మూసేయండి. వెల్డింగ్ ఒకే వరసలో లాగొద్దు, ఒక చుక్క ఇక్కడ, తర్వాతది ఆ చివర, మళ్ళీ మధ్యలో, అట్లా వేడి ఒకచోట చేరకుండా చుక్కలన్నీ కలుపుకుంటూ రావాలి. ఒక్కో చానెల్ పూర్తిగా మార్చాకే రెండోది కోయండి, రెండూ ఒకేసారి తీసేస్తే బాడీ జారుద్ది. కొత్త చానెళ్ళకి చివర్లలో, పల్లపు చోట నీళ్ళు కారే రంధ్రాలు పెట్టడం మర్చిపోవద్దు.

ఛాసీ మందం కాబట్టి ఆర్క్ వెల్డింగ్ సరిపోద్ది, 7018 రకం వెల్డింగ్ రాడ్లు పొడిగా, వేడి చేసి వాడాలి. ప్యాచ్ ముక్క చతురస్రంగా కాకుండా డైమండ్ ఆకారంలో కోయండి, చానెల్ పై అంచు, కింద అంచు మీద అడ్డంగా వెల్డింగ్ గీత పడకూడదు, బరువు లాగేది ఆ అంచులే, అక్కడే పగులు పుడుద్ది. మీ వెల్డింగ్ మీద మీకే నమ్మకం లేకపోతే ఛాసీ పని అనుభవం ఉన్నవాళ్ళతోనే చేయించండి. పెట్రోలు ట్యాంకు మాత్రం ఎన్నాళ్ళ నుంచి ఖాళీగా ఉన్నా ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు, లోపల ఆవిరి చాలు పేలడానికి.

ఇంజన్, బ్రేకులు

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజన్‌ని సెల్ఫ్ కొట్టి లేపాలని చూడొద్దు. డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు, పెట్రోలైతే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి, తర్వాత ముందు పుల్లీ నట్టు పట్టుకుని చేత్తో అటూ ఇటూ నెమ్మదిగా కదపండి. తిరిగిందంటే ఆయిలు, ఫిల్టర్లు మార్చి, ట్యాంకు కడిగి, డీజిల్ లైన్లలో గాలి తీసి అప్పుడు స్టార్ట్ చేయండి. తిరగకపోతే హెడ్ విప్పాల్సిందే. గేర్‌బాక్సుకి జీఎల్4 రకం 90 ఆయిల్ పోయండి, జీఎల్5 లోని మందు ఇత్తడి రింగుల్ని తినే అవకాశం ఉంది.

బ్రేకు ఆయిలు వెళ్ళే దారిలో మాత్రం పాత పార్టు ఒక్కటి కూడా ఉంచొద్దు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే ఆయిల్ లైను, ఎక్కడ ఒక్క హోసు పగిలినా పెడల్ నేలకి దిగిపోద్ది, నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, స్టీలు పైపులు అన్నీ కొత్తవే. పైపు చివర డబుల్ ఫ్లేర్ (అంచుని వెడల్పు చేసి రెండు మడతలు వేయడం) చేయించండి. డ్రమ్ములోని దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. జీపు స్పీడు అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంటే ముందు కింగ్ పిన్ బేరింగులు (ముందు చక్రాలు పక్కకి తిరిగే చోట ఉండేవి) చూడండి, స్టీరింగ్ బాక్సు మార్చే ఖర్చు చాలావరకు తప్పుద్ది. స్పేర్లకి సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ తిరిగితే ఎక్కువశాతం దొరుకుతాయి, పాత పార్టు చేత్తో పట్టుకెళ్ళండి, నోటితో చెప్తే ఇంకేదో ఇస్తారు.

పెయింటు

బ్లాస్టింగ్ అయిన ఇనుము మన వాతావరణంలో ఒక్క రాత్రికే ఎర్రబడుద్ది, కాబట్టి అదేరోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. అందరూ కొట్టే రెడాక్సైడ్ నీళ్ళని ఆపదు, దాని మీద లప్పం పెడితే లప్పం కూడా చెమ్మ పీల్చుకుంటది. ముందు ఎపాక్సీ, దాని మీద అవసరమైన చోటే పల్చగా లప్పం, మళ్ళీ సర్ఫేసర్ (గీతలు కప్పి నునుపు చేసే ప్రైమర్), 400 నంబరుతో మొదలెట్టి 800 దాకా నీళ్ళతో రుద్దే ఎమిరీ కాగితం, ఆపైన పీయూ (పాలీయురేథేన్) పెయింటు. వానాకాలంలో కొట్టొద్దు, తేమకి పెయింటు పైన తెల్లగా మసక కడుద్ది, జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు. కంప్రెసర్‌కి నీళ్ళని ఆపే ఫిల్టర్ తప్పనిసరి. పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటది, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, గుడ్డ మాస్కు, పేపర్ మాస్కు దాన్ని ఆపవు. బయటి గాలి పైపుతో అందించే మాస్కు లేకపోతే ప్రైమర్ వరకు మీరు చేసుకుని పై కోటు బూత్ ఉన్న షాపులో కొట్టించండి.

పెయింటు ఆరాక చానెళ్ళ లోపల, ఛాసీ డబ్బాల లోపల పొడుగు గొట్టం నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టండి. మెకానిక్కులు వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టమంటారు, అది బుష్షుల్నీ బాడీ రబ్బర్లనీ ఉబ్బించి పాడుచేస్తది. కొట్టాక నీళ్ళ రంధ్రాలు మూసుకుపోయాయేమో తీగ పెట్టి చూసుకోండి.

బిగించాక

వైరింగ్ మొత్తం కొత్తది వేసుకోండి, పాత వైర్లకి తొడుగు పొడిపొడిగా రాలుతుంటది, మంటలకి కారణం అదే. కొత్త పెయింటు వేశాక లైట్లు మసగ్గా వెలుగుతున్నాయంటే ఎర్త్ అందట్లేదని అర్థం, ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి, పళ్ళ వాషర్ వేసి, బిగించాక పైన గ్రీజు రాయండి. హెడ్‌లైట్లకి రిలే, ప్రతి లైనుకీ ఫ్యూజు పెట్టండి.

రోడ్డెక్కే ముందు ఒకరు లోపల టార్చ్ పట్టుకుని కూర్చోండి, ఇంకొకరు బయట నుంచి అద్దం ఫ్రేము మీద, చక్రాల గూళ్ళ లోపల పైపుతో నీళ్ళు కొట్టండి, లోపలికి చుక్క వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆరాక సీలర్ వేయండి. తర్వాత ఖాళీ గ్రౌండులో నెమ్మదిగా నడిపి బ్రేకులు నాలుగు వైపులా సమానంగా పడుతున్నాయో చూడండి. రిజిస్ట్రేషన్ గడువు అయిపోయిన బండైతే ఆర్టీఓ ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ అయ్యాకే రోడ్డెక్కండి. మొదటి వంద కిలోమీటర్లకి కమాన్ కట్టల యూ బోల్టులు, చక్రాల నట్లు, బాడీ బోల్టులు అన్నీ మళ్ళీ బిగించండి, కొత్త పెయింటూ కొత్త రబ్బర్లూ నలిగి వదులవుతాయి. ఐదొందల దగ్గర ఇంకోసారి బిగించి, షకిల్ పిన్నులకి (కమాన్ కట్టల చివర ఉండేవి), జాయింట్ క్రాసులకి (చక్రాలని తిప్పే షాఫ్టుల చివర ఉండేవి) కొత్త గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చేదాకా కొట్టండి.